పుండు మానింది, పొర మానిందా?



మా మాస్టారి పేరు మీద ఆయన కుటుంబం ఏర్పాటు చేసిన ధర్మనిధి సభలో మాట్లాడమని పిలిచినప్పుడు, కాన్సర్ గురించి చెబితే హాలు నిండుతుందని నిర్వాహకులు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. మాస్టారు పాథాలజీ పాఠాలు చెప్పిన రోజుల్లో మా మీద గట్టిగా విసుక్కున్నది ఒక్క విషయంలోనే. జఠరం బయాప్సీ రిపోర్టులో ‘మానుతున్న పుండు’ అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంటే ఆయన ఊరుకునేవారు కాదు. ‘మానుతోందని నీకెవరు చెప్పారయ్యా? పైన ఏ పూత పట్టిందో చూశావా?’ అనేవారు. ఆ పూత గురించే ఇవాళ మాట్లాడతాను. జఠరంలో పుండు మానుతున్నన్నాళ్ళూ దాని మీది జిగురుపొర, అంటే మనం మ్యూకస్ అని పిలిచేది, ఎన్ని రూపాలు మారుతుందో, ఆ మార్పుల్ని పట్టించుకోకుండా పుండు మానిందని తేల్చేయడం ఎందుకు తొందరపాటో చెప్పాలని నా ప్రయత్నం.

ముందు ఒక పాత ప్రశ్న. మాంసాన్ని కొన్ని గంటల్లో కరిగించే జఠరరసం, తాను ఊరే జఠరాన్ని ఎందుకు కరిగించదు? చనిపోయిన తరవాత జఠరం తన గోడను తానే అరిగించుకోవడం గమనించిన జాన్ హంటర్ 1772లో లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. ప్రాణం ఉన్నంతకాలం ఆ ప్రాణశక్తే గోడను కాపాడుతుందని ఆయన అభిప్రాయం. తరవాతి శతాబ్దంలో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్ బతికున్న కప్ప కాళ్ళను కుక్క జఠరంలోకి దించి చూశాడు. కప్ప బతికి ఉండగానే కాళ్ళు అరిగిపోయాయి. ప్రాణం ఒక్కటే కాపాడదని తేలిపోయింది. జఠరానికి సొంత రక్షణ ఏదో ఉండి తీరాలి.

దాన్ని కళ్ళారా చూసే అవకాశం విలియం బోమాంట్ అనే అమెరికా సైనిక వైద్యుడికి దక్కింది. 1822 జూన్ 6న మాకినాక్ ద్వీపంలో, బొచ్చు వర్తకుల దుకాణంలో తుపాకి పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి కడుపుకి ఎడమపక్కన గాయమైంది. మనిషి బతికాడు, జఠరంలోకి పడ్డ చిల్లు మాత్రం పూడలేదు. ఆ చిల్లులోంచి బోమాంట్ ఏళ్ళ తరబడి లోపలికి తొంగిచూసి, 1833లో తన పరిశీలనలను పుస్తకంగా వేశాడు. ఆహారం అరగడం మీద ఆయన చేసిన ప్రయోగాలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. నాకు మాత్రం అందులో మరో భాగం ముఖ్యమనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు లోపలి గోడ లేత గులాబీ రంగులో, పైన పలచటి పారదర్శకమైన జిగురుతో మెరుస్తూ ఉండేదట. సెయింట్ మార్టిన్ వరసగా కొన్నాళ్ళు సారా పట్టించినప్పుడు గోడ ఎర్రబారి, అక్కడక్కడా పుండ్లు లేచి, జిగురు చిక్కగా తీగలు సాగుతూ, చీముతో, కొద్దిగా నెత్తుటి చారలతో కనిపించింది. పథ్యం పెట్టాక మళ్ళీ మామూలైంది. ఇందులో గమనించవలసినది ఏమిటంటే, గోడ అంత పాడైన రోజుల్లో కూడా కాస్త ఇబ్బంది తప్ప తనకు పెద్ద నొప్పి ఉందని గానీ ఆకలి మందగించిందని గానీ సెయింట్ మార్టిన్ చెప్పలేదు. నొప్పిని బట్టి జఠరం సంగతి తేల్చకూడదని వైద్యశాస్త్రానికి దాదాపు రెండు వందల ఏళ్ళ క్రితమే తెలుసన్నమాట.

అయినా ఆ తరవాత వందేళ్ళకు పైగా అందరి చూపూ ఆమ్లం మీదే నిలిచింది. ఆమ్లం లేనిదే పుండు లేదని 1910లో కార్ల్ ష్వార్ట్జ్ అనే సర్జన్ సూత్రీకరించాడు. ఆ మాటలో నిజముంది. జఠరంలో ట్యూబు వేసి రసం తోడి, కొలిచి, అంకె రాసుకోవచ్చు కాబట్టి ఆమ్లం మీద పరిశోధన సులువు కూడా. జిగురు అలా కాదు. ముక్కను ఫార్మలిన్‌లో వేసి, ఆల్కహాల్‌లో ఆరబెట్టి, మైనంలో పొదిగి స్లైడు చేసేసరికి పైపొర చాలామటుకు కొట్టుకుపోతుంది, మిగిలింది ముడుచుకుపోతుంది. మనం ఏళ్ళ తరబడి సూక్ష్మదర్శినిలో చూస్తూ వచ్చింది జిగురు పోయిన జఠరాన్ని. లేనిదాన్ని ఎవరు పరిశోధిస్తారు?

1959లో ఈ జిగురు గురించి ఒక ముఖ్యమైన ఆలోచన చేసినవాడు నార్మన్ హీట్లీ. పెనిసిలిన్‌ను మందుగా తయారుచేయడంలో ఫ్లోరీ, చెయిన్‌ల వెనక నిలిచిన ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు ఈయనే. ఆయన ఊహ ఇది: జిగురుపొర ఆమ్లాన్ని పూర్తిగా ఆపనక్కర్లేదు, కదలకుండా నిలిచి ఉంటే చాలు. గోడ నుంచి ఊరే బైకార్బొనేట్ ఆ నిశ్చలమైన పొరలో నిలిచి, పైనుంచి మెల్లగా దిగే ఆమ్లాన్ని మధ్యలోనే తటస్థం చేస్తుంది. స్వీడన్‌లోని ఉప్సలాలో గున్నార్ ఫ్లెమ్‌స్ట్రోమ్, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఏడ్రియన్ అలెన్ తరవాతి దశాబ్దాల్లో దీన్ని ప్రయోగాలతో నిలబెట్టారు. జఠరంలోపల పీహెచ్ 1, 2 మధ్య ఉన్నా, జిగురుకింద కణాల అంచు దగ్గర 7కు చేరువగా ఉంటుంది. మధ్యలో ఉన్న దూరం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. ఫార్మలిన్ జోలికి పోకుండా తాజా ముక్కను పలచగా కోసి అడ్డంగా చూసే పద్ధతిలో న్యూకాసిల్ బృందం మనుషుల్లో ఈ మందాన్ని 50 నుంచి 450 మైక్రాన్ల దాకా కొలిచింది.

ఈ పొరలో నూటికి తొంభై అయిదు పాళ్ళు నీళ్ళే. మిగతా కాస్తలో ముఖ్యమైనది మ్యూసిన్ అనే మహా అణువు. దాని బరువులో చాలామటుకు చక్కెర గొలుసులే. ఈ అణువులు చివరలు కలుపుకుని పొడవాటి పాలిమర్లుగా అల్లుకుంటేనే నీళ్ళు జెల్‌గా గడ్డకడతాయి, లేకపోతే జారిపోతాయి. జఠరంలో ఊరే మ్యూసిన్లు ముఖ్యంగా రెండు రకాలు. పైపొర కణాలు స్రవించేది మ్యూక్ 5ఏసీ. గ్రంథుల మెడ భాగం నుంచి, జఠరం చివరి భాగంలోని గ్రంథుల నుంచి వచ్చేది మ్యూక్ 6. ఈ రెండూ కలిసిపోవు. 1992లో జపాన్ శాస్త్రజ్ఞులు ఓటా, కత్సుయామా జిగురు కొట్టుకుపోకుండా కాపాడి రంగులద్ది చూస్తే, ఒక పొర ఇది, ఒక పొర అది, మళ్ళీ ఇది, పూతరేకుల మడతల్లా ఒకదానిమీద ఒకటి కనిపించాయి. మాస్టారికి ఆ బొమ్మ చూపించినప్పుడు చాలాసేపు కళ్ళద్దాలు తీయలేదు.

ఇక పుండు సంగతి. 1982లో న్యూకాసిల్ బృందం ఒక లెక్క ప్రచురించింది. ఆరోగ్యవంతుల జఠర జిగురులో పాలిమర్ రూపంలో ఉన్న మ్యూసిన్ 67 శాతం. డుయోడినంలో, అంటే చిన్నపేగు మొదటి భాగంలో, పుండు ఉన్నవాళ్ళ జఠరంలో 50 శాతం. జఠరంలోనే పుండు ఉన్నవాళ్ళలో 35 శాతం. నన్నడిగితే అల్సర్ చరిత్రలో ఈ మూడు అంకెలకు రావలసినంత పేరు రాలేదు. వీటి అర్థం సూటిగా ఉంది. పుండు ఉన్న మనిషి జిగురు తక్కువగా ఊరుతూ ఉండవచ్చు, ఎక్కువగానూ ఊరుతూ ఉండవచ్చు, కానీ ఊరినది అల్లుకుని నిలబడటం లేదు. అదే బృందం మరో విషయం కూడా చూపింది. జఠరరసంలో అరిగించే పని చేసే పెప్సిన్‌లో ఒకటో రకం జిగురును నమిలేయడంలో మూడో రకం కంటే చురుకైనది. అల్సర్ రోగుల్లో ఈ ఒకటో రకం పాలు ఎక్కువ. అంటే పొర పైనుంచి అరిగే వేగం కిందినుంచి ఊరే వేగాన్ని మించిపోతోంది.

పుండు మానడం మొదలయ్యాక ఏం జరుగుతుంది? పైపైన గీరుకుపోయిన చిన్న దెబ్బయితే పని నిమిషాల్లో మొదలవుతుంది. చుట్టుపక్కల కణాలు విభజన కోసం ఆగకుండా చదునుగా సాగి, ఖాళీ అయిన చోటికి పాకుతాయి. గంటల్లోపే గోడ మూసుకుంటుంది. ఈ పని జరిగేంతసేపు పైన ఒక దట్టమైన పూత పట్టి ఉంటుంది. మొదట్లో అది జిగురే అనుకున్నారు. 1987లో సెల్లర్స్, అలెన్, బెన్నెట్ ఎలుకల జఠరాల్లో పరీక్షించి, అందులో ఎక్కువ పాలు ఫైబ్రిన్ అని తేల్చారు. అంటే మోకాలి చిప్ప చెక్కుకుపోయినప్పుడు నెత్తురును గడ్డకట్టించే పదార్థమే ఇక్కడా కాపలా కాస్తోంది. మ్యూకస్ దానిలో చిక్కుకుని తోడు నిలుస్తుంది, అంతే. జిగురు తన పనికి తయారయ్యేదాకా రక్తం అప్పు ఇచ్చిన పూత అది.

లోతుగా, కండరం పొర దాకా దిగిన పుండు కథ వేరు. దాన్ని పుస్తకంలో కాక స్లైడు మీద చూడాలి. మాస్టారు మాకు నేర్పిన పద్ధతిలోనే చెబుతాను. పీఏఎస్ రంగు వేసిన స్లైడును లో పవర్‌లో పెట్టి, ఆరోగ్యంగా ఉన్న గోడ నుంచి పుండు నడిమికి మెల్లగా జరపండి. మొదట పైపొర కణాల తలలన్నీ ముదురు గులాబీ రంగులో నిండుగా ఉంటాయి. అది తటస్థ మ్యూసిన్. కాస్త ముందుకు జరిగితే గ్రంథులు వెడల్పై, వంకరలు తిరిగి, ఆమ్లం ఊర్చే కణాలు, పెప్సిన్ ఊర్చే కణాలు మాయమై, వాటి స్థానంలో అన్నీ జిగురు కణాలే కనిపిస్తాయి. ఇంకొంచెం జరిపితే పైపొర కణాలు పొట్టివై, చదునై, రంగు పలచబడుతుంది. చివరి అంచున, కెంపురంగు కండ పెరుగుతున్న చోట, ఒక్క వరస కణాలు పాకుతూ ఉంటాయి. వాటిలో గులాబీ రంగు దాదాపు ఉండదు. ముందు వరసలో నడిచేవాడి చేతిలో జిగురు లేదు. వెనక వచ్చేవాళ్ళు తెచ్చి పోయాలి. ఇక్కడ స్లైడు జరిపే చెయ్యి ఆగాలి. ‘మానుతున్న పుండు’ అని రిపోర్టు రాసేముందు చూడవలసిన చోటు ఇదే.

ఆ వెనక వచ్చే జిగురు ఎలాంటిదన్నది గత ముప్ఫయి అయిదేళ్ళలో తెలిసిన విషయం. 1990లో నికలస్ రైట్, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ఒక వింతను నివేదించారు. జీర్ణనాళంలో దీర్ఘకాలం నిలిచిన పుండు పక్కన, అంతకుముందు అక్కడ లేని ఒక కొత్త కణవంశం మొలకెత్తుతుంది. అది కొత్త కణాల పెరుగుదలను ప్రేరేపించే ఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను స్రవిస్తుంది. దాంతోపాటు మూడు రేకుల మడతతో ఉండే ట్రెఫాయిల్ ప్రోటీన్లూ ఊరతాయని ఆ తరవాత తేలింది. 1999లో అమెరికాలో జేమ్స్ గోల్డెన్‌రింగ్ బృందం మరో ముక్క జోడించింది. జఠరం దెబ్బతిన్నప్పుడు గ్రంథుల అడుగున పెప్సిన్ తయారుచేసే కణాలు ఆ పని మానేసి మ్యూక్ 6నూ, ట్రెఫాయిల్ రెండో రకాన్నీ ఊర్చే జిగురు కణాలుగా రూపం మారుతున్నాయని వాళ్ళ పని దారి చూపింది. గోడను అరిగించే రసం చేసేవాళ్ళే గోడను కాపాడే రసం చేయడానికి మళ్ళారు. ఆ ట్రెఫాయిల్ ప్రోటీన్ మొదట దొరికింది జఠరంలో కూడా కాదు. ఇన్సులిన్ కోసం పంది క్లోమగ్రంథిని శుద్ధి చేస్తున్న డెన్మార్క్ శాస్త్రజ్ఞులకు 1982లో దొరికింది. ఆమ్లం, పెప్సిన్ దాన్ని తొందరగా ముట్టుకోలేవు. మ్యూసిన్‌తో కలిస్తే జిగురు మరింత చిక్కనవుతుంది.

అంటే మానుతున్న పుండు మీద మొదట కప్పుకునేది పైపొర జిగురు కాదు, లోతుల్లోని గ్రంథుల జిగురు. దీనిలో ఒక గొప్ప గుణముందని 2004లో జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయంలో జున్ నకయామా బృందం ‘సైన్స్’ పత్రికలో చూపింది. మ్యూక్ 6 చక్కెర గొలుసుల కొసన ఉండే ఒక ప్రత్యేకమైన కొక్కెం, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి తన గోడకు అవసరమైన ఒక కొవ్వు పదార్థాన్ని కట్టుకోకుండా అడ్డుపడుతుంది. మన ఒంట్లోనే ఊరే యాంటీబయోటిక్ అది. ఆ సూక్ష్మజీవి పైపొర జిగురులో హాయిగా ఈదుతూ, లోతు జిగురు జోలికి పెద్దగా పోకపోవడానికి కారణం ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నారు.

అయితే అత్యవసరంలో పిలిచిన ఈ లోతు జిగురు పని అయిపోగానే తప్పుకోవాలి. పెప్సిన్ కణాలు తిరిగి తమ వృత్తికి వెళ్ళాలి, పైన మ్యూక్ 5ఏసీ నిండాలి, మడతలు మళ్ళీ అమరాలి. చాలా పుండ్ల దగ్గర ఇది జరుగుతుంది. కొన్నిచోట్ల జరగదు. మారిన కణాలు మారినట్టే ఉండిపోతాయి, ఏళ్ళ తరబడి మంట కొనసాగితే పేగు తరహా కణాలు కూడా చేరతాయి. అప్పుడు ఆల్షన్ బ్లూ అనే రంగు వేస్తే గులాబీ రంగు ఉండవలసిన చోట నీలం తేలుతుంది, అంటే ఆమ్ల మ్యూసిన్. కాన్సర్ దారిలో మనం భయపడే మజిలీ అదే. కాన్సర్ గురించి మాట్లాడనన్నాను గానీ దాన్ని పూర్తిగా తప్పించుకోవడం కుదిరేలా లేదు.

పుండు ఏ దశలో ఉందో చెప్పడానికి ఎండోస్కోపీ చేసేవారు సకితా, మివా అనే జపాన్ వైద్యుల వర్గీకరణ వాడతారు. చురుకైన పుండు రెండు దశలు, మానుతున్నది రెండు దశలు, మచ్చ రెండు దశలు. మచ్చలో మొదటిది ఎర్రగా ఉంటుంది, రెండోది తెల్లగా ఉంటుంది. ఎర్రమచ్చ దశలో మందులు ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ, తెల్లమచ్చ దాకా వెళ్ళినది నిలుస్తుంది. 1991లో ఆండ్రె తార్నావ్‌స్కీ దీనికి కణజాలం వైపు నుంచి వివరణ ఇచ్చాడు. కంటికి పూర్తిగా మూసుకున్నట్టు కనిపించే పుండు మీద కూడా కొత్త గోడ ఎత్తు తక్కువగా, గ్రంథులు ఉబ్బి, కణాలు ముదరకుండా, రక్తనాళాలు క్రమం తప్పి ఉంటాయని ఆయన చూపాడు. పుండు ఎంత త్వరగా పూడిందన్నది ఒక ప్రశ్న, ఎంత బాగా పూడిందన్నది ఇంకో ప్రశ్న. మన మందుల ట్రయల్స్ చాలావరకు మొదటి ప్రశ్ననే అడిగాయి.

మందుల మాటకొస్తే, ఆమ్లం ఊరడాన్ని గట్టిగా తగ్గించే మందులు రాకముందే జిగురును పెంచే మందు ఒకటి వచ్చింది. మన అతిమధురం వేరు నుంచి తీసిన పదార్థంతో తయారైన కార్బెనాక్సొలోన్‌తో జఠరపు పుండు త్వరగా మానుతోందని 1962లో రిచర్డ్ డాల్ బృందం ట్రయల్ చేసి చూపింది. పొగతాగడానికి, ఊపిరితిత్తుల కాన్సర్‌కి ఉన్న సంబంధాన్ని బయటపెట్టిన డాల్ ఈయనే. ఆ మందు జిగురును పెంచింది నిజమే, కానీ ఒంట్లో ఉప్పు నిలిచి కాళ్ళు వాచేవి, బీపీ పెరిగేది, పొటాషియం పడిపోయేది. 1976లో సిమెటిడిన్ వచ్చాక దాని కాలం చెల్లింది. కడుపులో మంటకు ఇప్పటికీ అతిమధురం చూర్ణం చెంచాల కొద్దీ మింగే పెద్దవాళ్ళున్నారు. బీపీ మందులు వాడేవాళ్ళు ఆ పని డాక్టరుకి చెప్పకుండా చేయకూడదు. పచ్చి అరటికాయ పొడి మీద బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సన్యాల్, గోయల్ తదితరులు ఏళ్ళ తరబడి పనిచేసి, జంతువుల్లో అది గోడ మందాన్ని, మ్యూసిన్‌నీ పెంచుతోందని చూపారు. మన దగ్గర ఎవరైనా ఆ దారిలో ముందుకెళ్ళి మనుషుల్లో పాలిమర్ లెక్క కట్టి చూస్తే బాగుండును.

తెలుగువాళ్ళ సభలో కారం ప్రస్తావన రాకపోతే బాగుండదు. 1984లో ఢిల్లీ వైద్యులు డుయోడినల్ అల్సర్ రోగుల్లో కొందరికి రోజూ మూడు గ్రాముల కారం పెట్టి, మరికొందరికి పెట్టకుండా చూస్తే, మానడంలో తేడా కనిపించలేదు. ఇది జఠరపు పుండు గురించిన లెక్క కాదు, కాబట్టి ఆవకాయకి నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. కానీ రోగి చేత కారం మాన్పించి, మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో కొని మింగే నొప్పి బిళ్ళ గురించి అడగని వైద్యం తలకిందుల వైద్యం. ఆ బిళ్ళ ప్రొస్టాగ్లాండిన్లను ఆపుతుంది. ప్రొస్టాగ్లాండిన్లు తగ్గితే జిగురూ తగ్గుతుంది, బైకార్బొనేటూ తగ్గుతుంది, గోడకు రక్తమూ తగ్గుతుంది.

ఆమ్లం తగ్గించే మందుల్ని నేను తక్కువ చేయడం లేదు. పీహెచ్ 4 దాటితే పెప్సిన్ జోరు బాగా తగ్గుతుంది, కాబట్టి అవి పరోక్షంగా జిగురును కూడా కాపాడుతున్నాయి. వాటితో పుండు పూడేది. ఆపితే ఏడాదిలోపే చాలామందికి తిరగబెట్టేది. దానికి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ తేల్చారు. 2005లో నోబెల్ అందుకున్నారు. ఆ సూక్ష్మజీవి ఉండేది జిగురులోనే. యూరియాను విరిచి అమ్మోనియా చేసి చుట్టూ పీహెచ్ పెంచుకుంటుంది. పీహెచ్ పెరిగితే జెల్ కరిగి ద్రవమవుతుంది, అది ఈదుకుంటూ పోతుంది. 2009లో బోస్టన్ శాస్త్రజ్ఞులు పంది జఠర మ్యూసిన్‌తో దీన్ని కళ్ళకు కట్టించారు. అది ఉన్నన్నాళ్ళూ పైపొర కణాల్లో మ్యూక్ 5ఏసీ తగ్గి, అక్కడ ఉండకూడని మ్యూక్ 6 కనిపిస్తుంది. దాన్ని నిర్మూలిస్తే మళ్ళీ ఎవరి చోటికి వాళ్ళు వస్తారు. మచ్చ నిలవాలంటే జిగురు బాగుపడాలి, జిగురు బాగుపడాలంటే అందులో కాపురం పెట్టినదాన్ని ఖాళీ చేయించాలి.

ఇక్కడున్న యువ వైద్యులతో ఒక మాట. యాంటీబయోటిక్స్ కోర్సు ముగిసిన నాలుగు వారాల తరవాతే, ఆమ్లం మందు రెండు వారాల పాటు ఆపించి, పైలోరీ పోయిందో లేదో పరీక్ష చేయించండి. జఠరంలో పుండు ఉన్న రోగికి ఎనిమిది నుంచి పన్నెండు వారాల్లో రెండోసారి ఎండోస్కోపీ చేసి మచ్చ అంచు నుంచి ముక్కలు తీయండి, ఎందుకంటే కాన్సర్ పుండు కూడా ఈ మందులతో కొన్నాళ్ళు మానినట్టు నటిస్తుంది. పాథాలజిస్టుకి పంపే చీటీలో పుండు మానిందా అని మాత్రమే అడగకండి, పీఏఎస్, ఆల్షన్ బ్లూ వేసి పైన ఏ జిగురు ఉందో రాయమని కూడా అడగండి. మంట తగ్గిన వారానికే మన రోగి మందులు గూట్లో పెట్టేస్తాడు, రెండో ఎండోస్కోపీకి రాడు. ఆ తేదీని చీటీ మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయండి, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పండి, రాకపోతే ఫోన్ చేయించండి.